కొండ లేని ఊళ్ళో కొండ డ్రైవరు

రంగూన్‌లో కొండలు లేవు. ఉన్న ఒక్క గుట్ట మీద బంగారు పగోడా ఉంది. దాన్ని చెప్పులు విప్పి మెట్ల మీదుగా ఎక్కాలి గాని బస్సు ఎక్కదు. అలాంటి ఊళ్ళో దండాసిని బర్మావాళ్ళు ‘ఊ తౌంగ్’ అని పిలిచేవారు. తౌంగ్ అంటే కొండ. కొండయ్యగారన్నమాట. ఇన్సేన్ రైలు వర్క్‌షాపు వెనక సందులో ఉండే తెలుగువాళ్ళయితే ఆ మర్యాద కూడా లేకుండా ‘కొండ డ్రైవరు’ అనేసేవారు.

ఆ పేరు తెచ్చిపెట్టింది ఒక చెక్కముక్క. మూరెడు పొడుగు, ఒక కొస పలచన, ఒక కొస మందం. ఏటవాలులో బస్సు జారకుండా చక్రం కింద పెట్టే అడ్డుచెక్క. దానికి రంధ్రం తొలిచి ఒక తాడు కట్టి, తాడు రెండో కొసను బస్సు వెనక మెట్టుకి ముడేశాడు దండాసి. పలక మీద పరిచినట్టు చదునుగా ఉండే ఊళ్ళో ఈ చెక్క ఎందుకయ్యా అని అడిగినవాళ్ళకి జవాబు చెప్పేవాడు కాదు. చెప్పాలంటే ఇంగ్లండులో యార్క్‌షైర్ దాకా వెళ్ళాలి.

అతని తండ్రి శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోసినవాడు. దండాసి ఆ రేవులోనే పుట్టి, ఓడల్లో బొగ్గు ఎగదోసి, ఇరవై రెండో ఏట లివర్‌పూల్‌లో దిగి మళ్ళీ ఓడెక్కలేదు. యార్క్‌షైర్ కొండల్లో ఉన్ని మిల్లులున్న ఒక ఊరికి పోయి, బస్సులో మూడేళ్ళు కండక్టరుగా చేసి, ఆ తర్వాత డ్రైవరయ్యాడు. అక్కడి రోడ్డు రోడ్డులా ఉండదు, గోడకి నిచ్చెన వేసినట్టుంటుంది. నాలుగడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. దాని మీద పరిచిన నల్లరాళ్ళు చలికాలంలో గాజులా జారతాయి. కొండ నెత్తి మీద ఒక బోర్డు ఉండేది: బస్సులన్నీ ఇక్కడ ఆగాలి, అన్నిటికంటే కింది గేరు వేసుకుని దిగాలి.

ఒక జనవరి పొద్దున్న దండాసి ముందు పోతున్న బస్సు ఆ బోర్డు దగ్గర ఆగలేదు. నాలుగు నిమిషాలు ఆలస్యమైందట. దండాసి తన బస్సు ఆపి, గేరు మార్చి, తలెత్తేసరికి ముందు బస్సు కొండ దిగడం లేదు, పడుతోంది. ఆ రెండంతస్తుల బస్సు దిగువన మిల్లు గోడకి తగిలి, పైఅంతస్తు కింది అంతస్తులోకి కుంగిపోయింది. డ్రైవరు స్టీరింగుకి గుచ్చుకుపోయి ఉన్నాడు. అద్దాల కుప్పలోంచి దండాసి ఒక నేతపని ఆవిడ చెయ్యి పట్టుకు లాగాడు. ఊలు తొడుగుతో సహా చెయ్యి వచ్చింది, మనిషి రాలేదు.

గోడ మీది నెత్తురు కడగక ముందే బస్సు కంపెనీ ముసలి ఇన్‌స్పెక్టరు హారిస్ డ్రైవర్లందర్నీ దాని ముందు నిలబెట్టాడు. “ఎత్తు మీద ఆగినవాడు ఆలస్యంగా వస్తాడు. ఆగనివాడు రాడు,” అన్నాడు. ఆ రెండు మాటలూ దండాసి ఎముకలోకి దిగిపోయాయి.

1961 చివర్లో పెళ్ళి చేసుకోవడానికి రెండు నెలల సెలవు మీద రంగూన్ వచ్చాడు. గంగాభవానిని చేసుకున్నాడు. ఆమెకి కాగితాలు వచ్చేదాకా అని సెలవు పొడిగించాడు. మార్చిలో సైన్యం రాజ్యం పట్టింది, దేశం తలుపులు మూసుకుంది. పాస్‌పోర్టు లోపలికి తీసుకున్న కిటికీ మళ్ళీ తెరుచుకోలేదు. తరవాత రెండేళ్ళకి తెలుగువాళ్ళలో చాలామందిని కట్టుబట్టలతో ఓడలెక్కించారు. ఇక్కడ పుట్టినవాడు కాబట్టి దండాసి మిగిలాడు. రెండు నెలల సెలవు ఇరవై ఏడేళ్ళయింది.

అతనికి దొరికిన బస్సు యుద్ధకాలం నాటి లారీ. మీద టేకు చెక్కలతో పెట్టె కట్టి బస్సు అన్నారు. బయటినుంచి ఒక్క మేకు కూడా రాని దేశంలో దాని ప్రాణం నిలబెట్టడమే ఒక విద్య. బ్రేకు నూనె దొరక్క ఆముదంలో స్పిరిట్ కలిపి పోసేవారు. ఆ బ్రేకు చదును మీద సగం పనిచేసేది, వాలు మీద అసలు చేసేది కాదు. ఇన్సేన్ నుంచి ఊరి నడిబొడ్డున చౌక్తడా పేటకి వెళ్ళే దారిలో రైలుపట్టాల మీదుగా ఒక వంతెన ఉంది. ఊరంతటికీ బస్సు ఎక్కే ఎత్తు అదొక్కటే. దండాసికి అదే యార్క్‌షైర్.

రెండో గేరులో ఉరుకుగా వంతెన ఎక్కేవాడు. ఎక్కాక నెత్తి మీద ఆపేవాడు. ఆ లారీకి మనిషి నడక కంటే నెమ్మదైన గేరు ఒకటుంది. బస్సు పూర్తిగా నిలబడితే గాని అది పడదు. దాంతోనే పైకి ఎక్కుదామంటే ఇంజను మరిగి సగంలో చస్తుంది. అందుకని ఆగగానే కండక్టరు దిగి వెనక చక్రం ముందు చెక్క పెట్టాలి. డ్రైవరు గేరు మార్చాలి. కండక్టరు చెక్కని పక్కకి తన్ని లాగి, మెట్టెక్కి, పెట్టె మీద రెండుసార్లు తట్టాలి. రెండు తట్లు వినబడకపోతే దండాసి బస్సు కదపడు. లోపల మంత్రిగారున్నా సరే.

ఆ కండక్టరు సన్యాసి, గంగాభవాని తమ్ముడు. ఇరవై ఏళ్ళుగా రోజూ వంతెన మీద అదే గోల.

“బావా, లండన్ వచ్చీసిందా? కోటు తొడుక్కోనా?”

“నోర్మూసుకుని దిగరా.”

“మా అక్క కోపం కంటే ఎత్తా ఏటి బావా ఈ కొండ? దానికి అడ్డుచెక్క ఎయ్యలేనోడివి, దీనికెందుకేస్తావు?”

బర్మా ప్రయాణికులకి మాట అర్థం కాకపోయినా నవ్వేవారు. ఆ నవ్వుల మధ్య రెండు తట్లు పడేవి, బస్సు నత్తనడకన కిందికి దిగేది.

సన్యాసి భార్య పురిట్లోనే పోయింది. కూతురు మల్లికని గంగాభవాని పెంచింది. దండాసి దంపతులకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇద్దరు తండ్రులు, ఒక పిల్ల. 1988లో మల్లికకి ఇరవై ఏళ్ళు, కాలేజీలో చదువుతోంది.

ఆ ఏడు మార్చిలో, సైన్యం పాలన మీద తిరగబడ్డ విద్యార్థుల్ని చెరువుగట్టు మీద తరిమి కొట్టారు. ఆగస్టులో ఊరు ఊరంతా సమ్మె కట్టి రోడ్డెక్కింది, తుపాకులు పేలాయి. ఇన్సేన్ జైలు గోడ వెనక మంటలు లేచాయి. ప్రభుత్వ గూఢచారి అన్న అనుమానం మీద ఒక మనిషిని జనం పట్టుకుని టీకొట్టు ముందు తల నరికారు. దండాసి అటుగా నడిచి వస్తూ ఆ తలని చూశాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఇంటికొచ్చి మల్లికతో, “రేపట్నించి నువ్వు గడప దాటకు,” అన్నాడు.

“బయమా మావా?”

“బయమే.”

“నువ్వు బయపడితే ఎత్తు మీద ఆగుతావు. ఆగి, దిగుతావు. నేనూ అంతే,” అంది మల్లిక. ఆ పిల్లకి ఆ మాట నేర్పింది దండాసే.

సెప్టెంబరులో సైన్యం మళ్ళీ రోడ్లెక్కిన రెండో రోజు. మిట్టమధ్యాహ్నం, సన్నగా వాన. సన్యాసి మల్లికని రెండు చేతుల మీద వేసుకుని సందులోకి పరిగెత్తుకొచ్చాడు. ఆమె తొడలోంచి గుండు దూసుకుపోయింది. అతని తువ్వాలు బిగించి కట్టినా నెత్తురు మోచేతుల మీదుగా కారుతోంది. వెనకాల ఇంకా జనం, తలుపురెక్కల మీద, చాపల మీద గాయపడ్డవాళ్ళని మోసుకొస్తున్నారు. పేటలో పెట్రోలున్న బండి దండాసి బస్సొక్కటే. సమ్మె మొదలైనప్పట్నించీ రెండు టిన్నులు వంటచెరకు కింద దాచిపెట్టాడు.

పెద్దాసుపత్రికి దారి వంతెన మీదుగానే.

ఇరవై రెండు మందిని బస్సులో చెక్కపలకల మీద పడుకోబెట్టారు. మల్లికని వెనక తలుపు పక్కనే, తండ్రి నిలబడే మెట్టు దగ్గర పెట్టారు. బస్సు కదిలేసరికి నెత్తురు పలకల సందుల్లోంచి రోడ్డు మీదికి కారడం మొదలైంది. దారిలో ఒక ముసలాయన బుద్ధుడి పేరు తలుచుకుంటూ తలుచుకుంటూ ఆగిపోయాడు. సన్యాసి వంగి అతని కళ్ళు మూసి, “బావా, తొందరగా,” అని అరిచాడు. ఆ రోజు అతను లండన్ ఊసెత్తలేదు.

రెండో గేరులో వంతెన ఎక్కారు. నెత్తి మీదికి రాగానే దండాసికి రెండూ ఒకేసారి కనబడ్డాయి. ఎడమపక్క కింద, పట్టాల వెంట మట్టిరోడ్డు మీద, సైన్యం లారీ. ఎదురుగా వంతెన అడుగున జనం చెట్లు నరికి, సిమెంటు పీపాలు దొర్లించి కట్టిన అడ్డం. బస్సు సరిగ్గా పట్టేంత సందు వదిలారు. ఆ సందులోంచి మనుషులు మనుషుల్ని మోసుకుంటూ పోతున్నారు. బ్రేకు లేని బస్సు ఆ గేరులో దిగితే అది సందు కాదు, మిల్లు గోడ.

మొదటి గుండు పెట్టె పైచెక్కలో దిగింది.

“ఏటి బావా, ఆపుతావా?” అన్నాడు సన్యాసి.

“ఆపాలిరా.”

“అయితే ఆపు.”

ఆగింది. సన్యాసి దూకి చెక్క పెట్టాడు. దండాసి గేరు లాగాడు, రాలేదు. మళ్ళీ లాగాడు, పడింది. ఆ రెండోసారికి పట్టిన కాస్త సేపట్లోనే కింద నుంచి తుపాకులన్నీ కలిసి పేలాయి. పక్క పలకలు చీలి గాల్లోకి లేచాయి. లోపల ఎవరో పంది అరిచినట్టు అరిచారు. అద్దంలో దండాసికి సన్యాసి కనబడ్డాడు. కడుపు పట్టుకుని చక్రం పక్కన కూర్చున్నాడు, అలసిపోయి కూర్చున్నట్టే. తరవాత ఒరిగి పడుకుని, కాలితో చెక్కని తన్నాడు. కదల్లేదు. ఇంకో గుండు అతని భుజం ఎగరగొట్టింది. మళ్ళీ తన్నాడు. చెక్క పక్కకి దొర్లింది.

దండాసి చెయ్యి తలుపు మీదికి పోయింది. దిగి అతన్ని లోపలికి ఈడ్చాలి. అప్పుడు పెట్టె మీద రెండు తట్లు వినబడ్డాయి.

ఇరవై ఏళ్ళు ఆ శబ్దానికి కదిలిన కాలు మనసుని అడగలేదు. క్లచ్ వదిలింది. బస్సు నత్తనడకన కిందికి దిగింది, సందులోంచి దూరింది, మలుపు తిరిగింది. ఆసుపత్రి ముందు ఇరవై రెండు మందిలో పదహారు మందిని ప్రాణాలతో దించారు. మల్లిక వాళ్ళలో ఉంది. బస్సు వెనక తాడుకి వేలాడుతూ చెక్క కూడా వచ్చింది, దారి పొడుగునా రాళ్ళకి కొట్టుకుని అంచులు పగిలి. చెక్క వచ్చింది గాని సన్యాసి రాలేదు. సాయంత్రం దండాసి నడిచి వెళ్ళేసరికి వంతెన కడిగేసి ఉంది. శవాల్ని లారీల్లో ఎత్తుకుపోయారన్నారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

శవం లేదు కాబట్టి పంతులు దర్భలతో బొమ్మ చేయించి దహనం చేయించాడు. బావమరిదికి కొరివి పెట్టడానికి దండాసి ముందుకొస్తే గంగాభవాని ఆ నిప్పుకర్ర లాక్కుని అతని ముంజేతి మీద కొట్టింది. చర్మం ఊడొచ్చింది.

“ఆపకపోతే ఆడు బతికీవోడు! ఎక్కడుందయ్యా కొండ? రంగూన్‌లో ఎక్కడుంది, సూపించు! లేని కొండకి నా తమ్ముణ్ణి బలిచ్చీసినావు!”

దండాసి ఆ కాలిన చేతికి మందు రాయించుకోలేదు. ఆమె మాటే నిజమేమో అని అతనికీ అనిపించేది. ఎక్కేముందే ఆ కింది గేరు వేసుంటే? పోనీ ఆపకుండా పోయుంటే? పడుకుంటే మిల్లు గోడ, లేస్తే వంతెన. అన్నిటికన్నా ఆ రెండు తట్లు. బతికున్నవాడే కదా తట్టాడు! బతికున్నవాణ్ణి వదిలేసి వచ్చాడు.

మల్లిక కర్రల మీద ఇంటికొచ్చిన రోజున కూడా గంగాభవాని అదే మాట అంది. మల్లిక గుమ్మంలోనే ఆగిపోయింది.

“అత్తా, తట్టింది నాన్న కాదు. నేను.”

గంగాభవాని చేతిలో చెంబు కింద పెట్టింది.

“నాన్న చెయ్యి అందలేదు. నాకేసి సూసినాడు. ‘తట్టమ్మా, మీ మావ వినకపోతే కదల్డు, అందరం పోతాం’ అన్నాడు. నేను తట్టనన్నాను. ‘తట్టు,’ అన్నాడు. తట్టినాను. మావ దిగుంటే నేను లేను. మావ ఆపకపోతే ఎవలూ లేరు, ఆ సందులో ఉన్నోళ్ళతో సహా. కొట్టదలిస్తే నన్ను కొట్టు.”

గంగాభవాని కొట్టలేదు. మల్లిక కర్రలు తీసి గోడకి చేర్చి, ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, తమ్ముడు పోయిన తరవాత మొదటిసారి ఎలుగెత్తి ఏడ్చింది. దండాసి పెరట్లోకి పోయి అడ్డుచెక్క పగిలిన అంచుల్ని బాడిసతో చెక్కడం మొదలుపెట్టాడు.

అక్టోబరులో బస్సులు మళ్ళీ నడవాలని హుకుం వచ్చింది. వంతెన మీద సైన్యం కాపలా పెట్టింది. అక్కడ ఏ బండీ ఆగకూడదని బోర్డు కూడా పెట్టింది. మొదటి రోజు కొత్త కండక్టరు జోగి, రైలు వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు, ముందే దండం పెట్టాడు.

“మావా, నీ కాళ్ళు పట్టుకుంతాను. ఆపకు. నాకు ముగ్గురు పిల్లలు.”

“నువ్వు దిగక్కర్లేదు,” అన్నాడు దండాసి.

కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి పోతూ మల్లిక వెనక తలుపు పక్కన కూర్చుంది. బస్సు నిండా జనం. రెండో గేరులో వంతెన ఎక్కింది. నెత్తి మీద ఆగింది.

కర్ర అందుకుని మల్లిక ఒంటికాలి మీద మెట్టు దిగింది. జోగి ముఖం తిప్పుకున్నాడు. ఆమె వంగి చక్రం ముందు చెక్క పెట్టింది. అప్పటికే ఇద్దరు సైనికులు డ్రైవరు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

“పో! ఇక్కడ ఆపకూడదు! పో!”

దండాసి గేరు లాగాడు. మొదటిసారే పడింది. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. తుపాకి మడమ కిటికీలోంచి వచ్చి దవడ మీద పడింది. పళ్ళు ఒళ్ళో రాలాయి. “పో!” అని అరిచాడు సైనికుడు. రెండో దెబ్బకి చెవిలోంచి నెత్తురు వచ్చింది. మూడోది కంటి మీద పడింది. వెనకనుంచి చెక్క ఈడ్చిన చప్పుడు, కర్ర మెట్టుకి తగిలిన చప్పుడు. ఇంకో దెబ్బ. దండాసి కదలలేదు.

అప్పుడు పెట్టె మీద రెండు తట్లు పడ్డాయి.

అదే అతను నడిపిన ఆఖరి బస్సు. ఆ సాయంత్రమే లైసెన్సు లాక్కున్నారు. ఎడమ కన్ను పోయింది. ఆ తరవాత బతికిన ఆరేళ్ళూ ఎడమచెవికి ఏ శబ్దమూ వినబడలేదు. కాని ఆ పూట కుడిచెవి ఉంది, కుడికన్ను ఉంది. నెత్తురు మింగుతూ క్లచ్ వదిలాడు. బస్సు అడుగులో అడుగేసుకుంటూ, అందర్నీ మోసుకుని, కిందిదాకా ఆ గేరులోనే దిగింది.