హబ్బు మీది పేరు

మొన్న ఆదివారం పొద్దున మా అల్లుడు పంజాగుట్టలో కొన్న కొత్త సైకిలును, కింద పెడితే దుమ్ము పడుతుందని లిఫ్టులో ఎక్కించి, అమీర్‌పేటలోని మా మూడో అంతస్తు ఇంట్లోకి తెచ్చి నిలబెట్టి, "మామా, ఒక్క వేలుతోని లేపి చూడుండ్రి" అన్నాడు. లేపితే లేచింది. తైవాన్‌లో తయారైందట. నాకు కడుపు మండిపోయింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అమీర్‌పేట నుంచి సనత్‌నగర్ దాకా పొద్దున్నే రోడ్డు నిండా సైకిళ్లే. ఆ గుంపులో నేను సైకిలు తొక్కుకుంటూ సైకిళ్లు చేయడానికే పోయేవాణ్ణి, అందుకు కాస్త పొగరు కూడా ఉండేది. ఓ చిన్న కార్ఖానాలో చక్రాలు బిగించే పని. మా మేస్త్రీని అందరం చాచా అనేవాళ్లం. చక్రం నడిమి హబ్బుకు స్పోకు పుల్లలు ఎక్కించి, రిమ్ముకు బిగించి, బెండు తీశాక ఆయన ఒక్కటే చూసేవాడు: గాలి కొట్టే వాల్వు దగ్గర కన్ను పెడితే హబ్బు మీద అచ్చేసిన కంపెనీ పేరు సూటిగా కనబడాలి. కనబడకపోయినా చక్రం తిరుగుతుంది, కొన్నవాడు జన్మలో గమనించడు. ఆ మాటే నేను ఒకసారి నసిగితే, "చక్రానికి ఫికర్ లేదురా, నీకుండాలె" అని పుల్లలన్నీ ఊడదీయించాడు. ఏడుపొచ్చింది గానీ, మళ్లీ ఎన్నడూ తప్పలేదు.

తర్వాత బిగించిన చక్రాలే బయటి దేశం నుంచి పెట్టెల్లో రావడం మొదలైంది. కొన్నాళ్లు ఆ పెట్టెలు విప్పాం, ఆపైన అదీ లేకుండా పోయింది. చాచా మాసబ్ ట్యాంక్‌లో కొడుకు దగ్గరికి చేరాడు, నేను పంజాగుట్టలో ఓ ఆఫీసులో ఫైళ్లు మోశాను. బయటి దేశం వాళ్లు సరుకైతే చేయగలరు గానీ చాచా పట్టుదల వాళ్లకెక్కడిదని ఇన్నేళ్లూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

అందుకే అల్లుడు స్నానానికి వెళ్లగానే కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల నొప్పి ఓర్చుకుని ఆ సైకిలు పక్కన చతికిలబడ్డాను. తప్పు దొరకాలని మనసారా కోరుకున్నాను, దాచడమెందుకు. ముందు చక్రం వాల్వు దగ్గర కన్ను పెడితే పేరు సూటిగా కనబడింది. వెనక చక్రం తిప్పి చూశాను, అక్కడా అంతే. అల్లుడు వచ్చాక బాగుందన్నాను.

మా సైకిళ్లు పోయిన రోడ్డు మీద ఇప్పుడు మెట్రో పోతోంది, పోనీ. సైకిలు ఎవరు చేస్తే ఏమని కూడా సరిపెట్టుకోగలను. కానీ సముద్రాల అవతల ఎవరో పనివాడికి, పుల్లలన్నీ ఊడదీయించే చాచా ఒకాయన ఇంకా ఉన్నాడు, రేపు పొద్దున వాడు మళ్లీ ఆయన దగ్గరికే పనికి పోతాడు. ముఖం తెలియని ఆ పనివాడంటే నాకు కుళ్లుగా ఉంది.