పొగ పెట్టమన్న మాట

మా లారీ పాత రైలు కట్ట దగ్గర ఆగేసరికి ఉదయం ఆరున్నర. తుపాను దాటి రెండో రోజు. దారి పొడుగునా పత్తి చేలు నీళ్ళలో ఉన్నాయి. పగిలిన కాయల్లో దూది తడిసి నల్లబడింది. నేను పర్చూరు దగ్గర రైతు కొడుకుని. ఎకరాకి ఎంత పోయిందో లెక్క కట్టుకుంటూ వచ్చాను.

సైన్యంలో చేశానంటే మీరంతా సరిహద్దు గురించీ, మంచు గురించీ అడుగుతారు. రెండూ చూశాను. నన్ను నిద్రలోంచి లేపే డ్యూటీ మాత్రం మా ప్రకాశం జిల్లాలోనే పడింది.

ఆర్డరు ఇదీ. కొండచరియ విరిగి ఘాట్ రోడ్డు మూసుకుపోయింది. అవతల రెండు తండాల జనం ఇరుక్కుపోయారు. కొండ కింద తెల్లదొరల నాటి మీటర్ గేజీ సొరంగం ఉంది. పెద్ద లైను వచ్చాక పట్టాలు పీకేసి దాన్ని గబ్బిలాలకు వదిలేశారు. లోపలికి వెళ్ళి కప్పు నిలిచి ఉందో లేదో చూడాలి. ఉంటే ముసలివాళ్ళనీ, జబ్బు పడ్డవాళ్ళనీ అందులోంచి తేవాలి.

మా వంటవాడు ముందు రోజే వేరే బండిలో వచ్చి, మేకల కాపరి వెంట కొండెక్కి అవతలికి దిగాడు. బియ్యం, పప్పు, ఎండు మిరపకాయలు, ఒక వైర్‌లెస్ సెట్టు తీసుకెళ్ళాడు. సొరంగం పడమటి నోటి దగ్గర పొయ్యి పెట్టి జనానికి వండుతున్నాడు. నరసరావుపేట వైపు మిర్చి రైతుల ఇంటివాడు. ఎవరికి ఏం కావాలన్నా అడగకముందే చేసిపెట్టే రకం.

తూర్పు నోటి దగ్గర మేం ముగ్గురం. సుబేదారు, వైర్‌లెస్ ఆపరేటరు, నేను. రాతి కమాను మీద చెక్కిన అంకెల్ని నాచు తినేసింది. లోపల చీకటి. నాకు భయం వేసింది. చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

ఆపరేటరుది పిడుగురాళ్ల. సున్నం బట్టీల పొగలో పెరిగినవాడు. వానాకాలం దగ్గు పట్టుకుందంటే ఊపిరి అందేది కాదు.

"నువ్వు బయటే ఉండరా. నీ ఛాతీ సంగతి నాకు తెలీదా?" అన్నాడు సుబేదారు.

"సెట్టు నాది సార్. నేను లేకపోతే లోపల మీరు మూగోళ్ళే."

అప్పుడే సెట్టులో వంటవాడి గొంతు వచ్చింది. "అన్నా, లోపల ఎలుగుబంటి ఉందంట. కాపరి తాత చెబుతున్నాడు. జాగ్రత్త."

"ఉంటే నీ సాంబారు వాసనకి ఈపాటికే పారిపోయుంటదిలేరా" అన్నాడు ఆపరేటరు. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే లోపలికి అడుగు పెట్టాం.

మోకాళ్ళ లోతు నీళ్ళు. పైనుంచి చుక్కలు. హెల్మెట్ దీపం గోడ మీద పడితే ఇంకా పాత ఇంజన్ల మసి కనిపించింది. వంపు దగ్గర రాళ్ళు కూలి సగం దారి మూసుకుపోయింది. వాటి అవతల ఏదో కదిలింది. తర్వాత గబ్బిలాలు మా మొహాల మీదుగా వెళ్ళాయి.

"కప్పు పర్లేదు. గాలి ఆడుతోందో లేదో తెలియాలి. ఆడకపోతే జనాన్ని తేలేం" అన్నాడు సుబేదారు.

ఆపరేటరు సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఒరేయ్, ఇక్కడేదో కదిలితే హడలిపోయాం, గబ్బిలాలే. గాలి ఎటు లాగుతుందో చూడాలి. నాలుగు గడ్డి పరకలు అంటించి కాస్త పొగ పెట్టు."

సెట్టు గరగరలాడింది. "పొగ పెట్టాలా? పెడతానన్నా!"

వాడికి అందినవి రెండే ముక్కలని తర్వాత తెలిసింది. ఏదో కదిలింది. పొగ పెట్టు.

మిర్చి చేలల్లో పెరిగినవాడికి పొగ పెట్టడమంటే ఒకటే. పందికొక్కు కన్నం దొరికితే కుండలో తడిగడ్డీ, ఎండు మిరపకాయలూ వేసి రాజేసి, కన్నం నోటికి ఆనించి విసురుతారు. లోపలున్నది బయటికి దూకాలి, లేదా చావాలి. వాడు మమ్మల్ని ఎలుగుబంటి నుంచి కాపాడుతున్నాననుకున్నాడు.

ముందు ఘాటు వచ్చింది. పొగ తర్వాత వచ్చింది.

"వెనక్కి! వెనక్కి!" సుబేదారు అరిచాడు.

కళ్ళు మూసుకుపోయాయి. ఆపరేటరు సెట్టులో "ఆపరా" అనబోయాడు. మాట దగ్గులో కలిసిపోయింది. నీళ్ళలో కూలబడ్డాడు. బెల్టు పట్టుకుని నేనూ సుబేదారూ ఈడ్చాం. ఈడుస్తున్నంతసేపూ దగ్గాడు. వెలుతురు కనబడే చోట దగ్గు ఆగింది. అమ్మయ్య అనుకున్నాను.

బయట కంకర మీద పడుకోబెట్టి సుబేదారు ఛాతీ నొక్కాడు. నేను నోటితో ఊదాను. చాలాసేపు చేశాం. ఊపిరి తిరిగి రాలేదు.

గాలి బాగానే ఆడుతోందని మాత్రం తేలిపోయింది. మధ్యాహ్నం పొగ విడిచాక అందులోంచే జనాన్ని తెచ్చాం. ఒక ముసలమ్మ నా వీపు మీద ఎక్కి, మిరపకాయలు మాడిన కంపు ఎక్కడిదని అడిగింది. నేను నడక వేగం పెంచాను. వంటవాణ్ణి ఎవరూ తిట్టలేదు. తిడితే బావుండేదని వాడే ఒకసారి నాతో అన్నాడు.

ఆ డ్యూటీ అయి సెలవు మీద ఊరొచ్చిన రోజు, ఉప్పూ మిరపకాయలూ నా తల చుట్టూ తిప్పి అమ్మ పొయ్యిలో వేయబోయింది. చేయి పట్టుకుని ఆపాను.

"పాడు దిష్టిరా, పోవద్దూ?" అంది.

ఆమె గుప్పిట్లోంచి మిరపకాయలు తీసి పెరట్లో పారేశాను. సర్వీసు అయిపోయి ఏళ్ళయింది. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ కంకరే కనిపిస్తుంది. ఆపరేటరు వెల్లకిలా ఉన్నాడు. సుబేదారు చేతులు తీసేశాడు. పక్కనే కంకర మీద తడిసిన సెట్టు, దాని ఎర్ర దీపం వెలుగుతోంది. అందులోంచి వంటవాడి గొంతు ఉత్సాహంగా అడుగుతోంది.

"అన్నా, పొగ చాలా? ఇంకో గుప్పెడు వెయ్యనా?"