అమ్మ బిందె మీద సొట్ట

నా చిన్నప్పుడు నా ఇంగ్లీషు మా అవ్వ తోమే ఇత్తడి సామాన్ల లాంటిది. ఎంత తోమినా తెల్లారేసరికి మళ్ళీ నల్లబడేది. స్టెయిన్, స్పాట్, స్క్రాచ్, డెంట్, ఏది అడిగినా ‘మచ్చ’ అని రాసి వచ్చేదాన్ని. అయ్యవారు నా కాగితం నిండా ఎర్రమచ్చలు పెట్టి పంపేవారు.

అప్పుడు మేం బుచ్చిరెడ్డిపాలెంలో ఉండేవాళ్ళం. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఆమె కాలవ నీళ్ళు మోసిన ఇత్తడి బిందె ఒక్కటే మిగిలింది. ఊరంతా పాత ఇత్తడి ఇచ్చి స్టీలు తెచ్చుకుంటున్న రోజులవి. ఒక పొద్దున అవ్వ ఆ బిందెను వసారాలో పెట్టి, “ఒళ్ళంతా మచ్చలే దీనికి. సామాన్లాయన వస్తే ఇచ్చేస్తా” అంది.

నేను బిందెను చంకన వేసుకుని ఏడుస్తూ పక్కింటికి పరిగెత్తాను. పక్కింటి అక్క కాలేజీలో చదివేది. వాళ్ళ నాన్న పాత్రలకు కళాయి పూసేవాడు, సొట్టలు తీసేవాడు.

“ఏడవబాక. ముందు తోముదాం రా” అని అక్క చింతపండు, బూడిద తెచ్చింది. తోముతూనే నాకు పాఠం మొదలుపెట్టింది.

“ఈ నలుపు స్టెయిన్. చూడు, పులుపుకు పోతుండాది. ఈ పచ్చటి చుక్క స్పాట్. ఇక్కడ గోరు పెట్టు, తగుల్తుండాదా? అది స్క్రాచ్. తోమితే పోదు.”

“మరి ఈ గుంట?”

“డెంట్. ఇత్తడి ఎక్కడికీ పోలా, లోపలికి నొక్కుకుంది అంతే. మా నాయన సుత్తితో తడితే లేస్తాది.”

ఇంతలో అవ్వ సామాన్లాయనను వెంటబెట్టుకుని అక్కడికే వచ్చింది. ఎండలో బిందె మెరుస్తోంది. అన్నాళ్ళూ నలుపులో కలిసిపోయిన సొట్ట ఇప్పుడు తేటగా కనిపిస్తోంది. అవ్వ దాని మీద చెయ్యి పెట్టి, అక్కడే చతికిలబడింది.

“రేవు మెట్ల మీద చెయ్యి జారి పడేసింది మీ అమ్మ. ఆ పొద్దు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టినా.”

అక్క వాళ్ళ నాన్న సుత్తి అందుకోబోతే, “దాన్ని ముట్టుకోబాకయ్యా” అంది అవ్వ.

“ఏం పెద్దమ్మా, ఇస్తావా ఇయ్యవా?” అన్నాడు సామాన్లాయన.

“నీ స్టీలు నువ్వే పెట్టుకో నాయనా. దాంట్లో మా పిల్ల యాడుంది?”

తర్వాత అక్క పెళ్ళయి సూళ్లూరుపేట వైపు వెళ్ళిపోయింది, మళ్ళీ కనబడలేదు. నా ఇంగ్లీషు ఇప్పటికీ అంతంతమాత్రమే. అయినా ఏ మచ్చ కనిపించినా, తుడిచే ముందు ఒకసారి వేలితో తడిమి చూస్తాను. బిందె నా వంటింట్లోనే ఉంది. అమ్మ ముఖం నాకు గుర్తులేదు. ఆమె చెయ్యి జారిన చోటు మాత్రం నా బొటనవేలికి బాగా తెలుసు.