అవతలి కొస నుంచి చూసిన గంగాధరప్ప

మంగళవారం తెల్లవారుతుండగా గంగాధరప్ప కూతురు రుక్మిణి ఫోన్ చేసింది. "మామా, నాయన పోయినాడు" అంది. "సరేనమ్మా, వస్తున్నాను" అన్నాను. ఫోన్ పెట్టేసి, చల్లారిపోతున్న కాఫీ తాగాను. వార్తాపత్రికను దాని మడతల ప్రకారమే మడిచాను. కళ్ళజోడు తుడుచుకుని, అప్పుడు చెప్పులు వేసుకున్నాను. ఎలక్ట్రానిక్ సిటీలో మా అబ్బాయి ఇంటి నుంచి కబ్బన్‌పేటకు వెళ్ళే దారంతా కారు డ్రైవరు ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, నేను జవాబు చెబుతూనే ఉన్నాను. ఆనాటి డైరీలో ఉదయం మబ్బుగా ఉందని, దారిలో వాహనాలు చాలాసేపు నిలిచిపోయాయని రాసి ఉంది. అంతకు మించి ఒక్క వాక్యం లేదు. యౌవనం నుంచీ ప్రతిరోజూ రాసే అలవాటున్న నాకు ఆ పుట ఇంకొకరి చేతిరాతలా కనబడుతోంది.

గంగాధరప్ప ఇక లేడు. 'గంగాధరప్పగారు స్వర్గస్థులైనారు' అని రాయడం పత్రికా మర్యాద. రాసి, కొట్టివేశాను. ఆ గౌరవవాచకాల వెనుక నేనెరిగిన మనిషి కనబడలేదు.

జరీ దుకాణం నడిపిన గంగాధరప్పను ఈ పత్రిక చదివే మన పేటవాళ్ళు చాలామంది ఎరుగుదురు. పెళ్ళిచీరకు జరీ ఎంచే విషయంలో అతని మాటకు ఎదురుండేది కాదు. ఆదివారాల్లో మా పేట క్రికెట్ జట్టు తరఫున మొదటి బంతి ఎదుర్కొన్న గంగాధరప్పను ఎరిగినవారు మాత్రం ఇప్పుడు బహు కొద్దిమంది. అతనితోపాటు బ్యాటు పట్టుకుని దిగి, అవతలి కొసన నిలబడినవాణ్ణి నేను. అందువల్ల ఈ నాలుగు మాటలు రాసే బాధ్యత నా మీద పడింది.

మేము పేరున్న ఆటగాళ్ళం కాము. వారమంతా అతనికి దుకాణం, నాకు కర్మాగారంలో నాణ్యతా తనిఖీ. ఆదివారం వచ్చిందంటే అరిగిపోయిన ప్యాడ్లు కట్టుకుని, చాప పరచిన పిచ్ మీద, మాకన్నా చాలా చిన్నవాళ్ళు ఒళ్ళు మరచి విసిరే బంతుల ఎదుట నిలబడేవాళ్ళం. హెల్మెట్ అనే వస్తువును మేము ఫొటోల్లో తప్ప చూడని కాలం. అతివేగంగా వచ్చే బంతి ఎలా ఉంటుందో గ్యాలరీలో కూర్చున్నవారికి తెలియదు. బౌలరు చేయి కనబడుతుంది, తరువాత వికెట్‌కీపరు గ్లవ్స్‌లో చప్పుడు వినబడుతుంది. "నడుమ ఉండేదంతా నువ్వేనప్పా. బాలు కాదు" అనేవాడు గంగాధరప్ప.

అలాంటి బంతికి మామూలు మనిషి చేసే పని ఒక్కటే. వెనక కాలు తనంత తానే బంతికి దూరంగా, లెగ్ వైపు జరుగుతుంది. నాకూ జరిగేది. ఒక ఆదివారం బంతి నా పెదవి చీల్చాక అది మరీ ఎక్కువైంది. ఆట మానేస్తానని చెప్పాను. గంగాధరప్ప వాదించలేదు. మరునాటి సాయంత్రం తమ మగ్గాల ఇంటి పెరట్లోకి రమ్మన్నాడు. నూలుకు రంగు అద్దే ఆ పెరడంతా సిమెంటు నేల. తడిపిన రబ్బరు బంతిని దాని మీద గట్టిగా వేస్తే జారుకుని గొంతు మీదికి వస్తుంది. నన్ను నిలబెట్టి, నా వెనక మడమకు ఆనించి ఒక పీట పెట్టాడు. కాలు వెనక్కి జరిగితే టక్కుమని పీట చప్పుడయ్యేది. ఆ చప్పుడుకు వాళ్ళమ్మ బయటికి వచ్చింది.

"అన్నం తినే పీటను కాల్తో తంతావుండారే! ఎవుర్రా మీకీ ఆట నేర్పించింది?"

"తన్నకుండా ఉండేదానికేమ్మా అక్కడ పెట్టింది" అన్నాడు గంగాధరప్ప.

"అయితే ఇందాకట్నుంచి టకటకమనేది ఏంది, మీ నాయన మగ్గమా?"

కొద్దివారాల్లో పీట చప్పుడు ఆగింది. అయినా నేను బౌల్డ్ అవుతూనే ఉన్నాను. కారణం అతనే కనిపెట్టాడు. ఒకనాడు బంతి వేయడం తన తమ్ముడికి అప్పజెప్పి, తాను అతని పక్కన నిలబడి నా ముఖం వైపే చూశాడు. కాసేపటికి దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే తాపీగా చెప్పాడు: "కాలు నిలబడింది సుబ్బయ్యా. కన్ను పారిపోతావుండాది. బాలు పడే టయానికి రెప్ప పడిపోతుంది నీకి."

నేను ఒప్పుకోలేదు. అతణ్ణి నిలబెట్టి నేను చూశాను. అతని రెప్ప కూడా పడుతోంది. ఇద్దరికీ తెలియకుండానే ఇన్నేళ్ళూ చీకట్లో ఆడామన్నమాట. ఎవరి రెప్ప వారికి కనబడదు. ఆనాటి నుంచి మా ఇద్దరి మధ్య ఒక ఆచారం ఏర్పడింది. ఒకడు బంతి ఎదుర్కొంటుంటే అవతలి కొసన ఉన్నవాడు వాడి ముఖం చూడాలి. ఓవరు కాగానే ఇద్దరం పిచ్ మధ్యకు నడవాలి. "ఏమప్పా?" అని ఆడినవాడు అడగాలి. "పడింది" అనో "పడలా" అనో చూసినవాడు చెప్పాలి. అబద్ధం చెప్పకూడదు, ఓదార్పు కోసమైనా సరే. అంత దూరం నుంచి రెప్ప కనబడుతుందా అని జట్టులోవాళ్ళు ఎగతాళి చేసేవారు. రెప్ప ఒక్కటే పడదు. దానితోపాటు గడ్డం పక్కకు తిరుగుతుంది, నుదురు ముడతపడుతుంది. ఏళ్ళ తరబడి ఒకే ముఖం చూసినవాడికి అది కొండంత కనబడుతుంది.

ఈ ఆచారం వల్ల నష్టమూ జరిగింది. ఒక మ్యాచ్‌లో గంగాధరప్ప బంతిని చక్కగా పక్కకు తోసి, "బా, బా!" అంటూ కన్నడంలో పిలుస్తూ పరుగెత్తుకొచ్చాడు. నేను అతని ముఖమే చూస్తూ నిలబడిపోయాను. ఇద్దరం ఒకే కొసన కలుసుకున్నాం. అవతల వికెట్లు పడ్డాయి. మా కెప్టెన్ నెత్తి కొట్టుకున్నాడు. "రన్ తియ్యండప్పా అంటే ఒకని మొగం ఒకడు చూసుకుంటారే! పెండ్లిచూపులా ఏంది?" గంగాధరప్ప వినయంగా అన్నాడు: "చూపులు అయిపోయినాయి. లగ్నం పెట్టేది మిగిలుండాది." పెవిలియన్‌కు వెళ్తూ నన్ను అడిగిన మాట మాత్రం ఎప్పటిదే. "పడలా" అన్నాను. అవుటైనందుకు అతనికి చింత కనబడలేదు.

మేమెరిగిన బౌలర్లలో అందరికన్నా వేగం కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ దగ్గరి మునిస్వామిది. అతణ్ణి 'మెయిలు' అనేవారు. అతని ఎదుట ఆడవలసిన ఉదయం మా జట్టులో కడుపునొప్పులు, మేనత్తల అనారోగ్యాలు ఎక్కువయ్యేవి. ఒకసారి అతని బంతి గంగాధరప్ప పక్కటెముకల మీద తగిలింది. ఆ చప్పుడు నా కొసకు వినబడింది. గంగాధరప్ప బ్యాటు మీద ఆనుకుని కాసేపు నిలబడి, తలెత్తి, "బాగుండాదప్పా బాలు" అన్నాడు. మునిస్వామి ఏం చేయాలో తోచక తిరిగి నడిచాడు. ఓవరు అయ్యాక మధ్యకు వచ్చాం. అడిగాడు. పడిందని చెప్పాను.

"తెలుసు. అదొక్కటేనా?"

"తరువాతివేవీ పడలేదు."

"అంతే సాలు" అన్నాడు. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా అతని ముఖం తేటగా ఉంది. ఆనాడు భయం సంగతి అడిగాను. "భయం పోయినాక ఆడదామంటే ఎప్పటికీ ఆడలేము. అది ప్యాడ్ల మాదిరి. కట్టుకునే పోవాల" అన్నాడు.

గంగాధరప్పను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. అతను పరుగు తీయడంలో సోమరి. ఎవరినీ పొగిడేవాడు కాదు. పిడుగుల్లాంటి బంతులకు నిలబడినవాడు మెల్లగా తిరుగుతూ వచ్చే బంతికి చిన్నపిల్లవాడిలా అవుటయ్యేవాడు. "వచ్చేది వచ్చేయాల. దోవలో ఆలోచన చేసుకుంటా వస్తే ఎట్లప్పా?" అని స్పిన్ బౌలర్ల మీద విసుక్కునేవాడు.

అతనికి వచ్చిన వ్యాధి అటువంటిదే. ఊపిరితిత్తులను మెల్లమెల్లగా తినే జబ్బు. పరీక్షల ఫలితం చెప్పే రోజున భార్య కమలమ్మను ఇంటివద్దే ఉంచి నన్ను వెంట తీసుకుపోయాడు. డాక్టరు బల్లకు ఇవతల అతను కూర్చున్నాడు. పక్కన కుర్చీ ఉన్నా నన్ను కూర్చోనివ్వలేదు. "నువ్వు ఆ తట్టు పోయి నిలబడు" అన్నాడు. డాక్టరు వెనక గోడ దగ్గర నిలబడ్డాను. ఆ డాక్టరమ్మ నన్ను వింతగా చూసింది. ఆమె చెప్పవలసినదంతా చెప్పింది. బయటి వరండాలోకి వచ్చాక అడిగాడు.

"ఏమప్పా?"

"పడింది."

"ఎప్పుడు?"

"ఇంక మందులతో నయం కాదన్నప్పుడు."

చాలాసేపు దగ్గి, నవ్వాడు. "అది లేచింది కదప్పా. గుడ్ లెంగ్త్‌లో పడి మొగం మీదికి లేచింది." లిఫ్ట్ దగ్గర నా భుజం పట్టుకుని అసలు సంగతి చెప్పాడు. "చచ్చేదానికి భయం కాదు సుబ్బయ్యా. కమలమ్మ ముందర తల తిప్పుకోకూడదు. ఆమె నా మొగం చూసే ధైర్యంగా ఉండేది. నువ్వు చూస్తావుండు. పడితే చెప్పు. ఆఖరుది కూడా నువ్వే చూడాల, చూసి చెప్పాల."

ఆఖరుది చూశాక ఎవరికి చెప్పాలని నేను అడగలేదు. "చూస్తాను" అన్నాను.

అప్పటి నుంచి వీలైన ప్రతి సాయంత్రం వెళ్ళాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మంచం మీద ఆనుకుని కూర్చునేవాడు. నేను కాళ్ళవైపు కుర్చీ వేసుకునేవాణ్ణి. కమలమ్మ కాఫీ తేవడం, మందు వేయడం, దిండు సర్దడం, ఆమె అడిగే ప్రశ్నలకు అతను చెప్పే జవాబులు, అన్నీ చూసేవాణ్ణి. ఆమె లోపలికి వెళ్ళగానే కనుబొమ్మ ఎగరేసేవాడు. చాలా రోజులు "పడలా" అన్నాను. కొన్ని రోజులు పడిందన్నాను. అలా చెప్పిన రోజుల్లో మళ్ళీ ఆమెను పిలిచి, నీళ్ళడిగి, ఆమె ముఖంలోకి నేరుగా చూస్తూ తాగేవాడు.

ఆఖరు బంతి సమయానికి నేను అవతలి కొసన లేను. నగరానికి ఈ చివర మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను.

నేను చేరేసరికి అతణ్ణి హాల్లో పడుకోబెట్టారు. వచ్చినవారందరూ నిద్రలోనే ప్రశాంతంగా పోయాడని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ముసలివాడైన మునిస్వామి కర్ర ఆనించుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. "ఈయప్ప తల తిప్పాలని ఎంత జోరుగా వేసినానో సార్. తిప్పితేనా!" అన్నాడు. తల ఊపాను. నాకు కన్నీరు రాలేదు. కర్మాగారంలో కంటితో చూడని వస్తువు మీద నేనెన్నడూ ముద్ర వేయలేదు. నిద్రలో పోయాడన్న మాటకు కూడా అవుననలేకపోయాను.

రుక్మిణి వచ్చి, "మామా, నాయన రెప్పలు సరిగ్గా మూతపడ్లేదు. మీరన్నా చూడండి" అంది. నేను కదలలేదు. చూస్తానని మాటిచ్చి చూడలేకపోయాను. ఇప్పుడు నా చేత్తో ఆ రెప్పలు దించితే ఇక ఎన్నటికీ తెలియదనిపించింది.

కమలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"నిద్రలో పోయినాడని వీళ్ళంతా అంటావుండారన్నా. నిద్రపోలేదు. నేనూ నిద్రపోలేదు. అన్నను పిలిపిస్తానంటే అంత దూరం నుంచి వద్దులే అన్నాడు. 'నువ్వు సుబ్బయ్య కుర్చీలో కూచో, నన్నే చూస్తావుండు' అన్నాడు. ఆదివారాలు వసారాలో కూచుని పడింది, పడలేదని మీరిద్దరూ చెప్పుకునేది నేను విననిదా?"

ఆమె అతని వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఆయనకు పడలేదన్నా. నాకే ఒకసారి పడింది. తెరిచి చూస్తే అట్లే చూస్తావున్నాడు, నన్నే. మీకు చెప్పాలనే ఆయన్నే చూస్తా కూచున్నా."

"సరేనమ్మా" అన్నాను. వెళ్ళి అతని కాళ్ళవైపు కాసేపు నిలబడ్డాను. తరువాత తలవైపు వచ్చి, అరచేతితో రెప్పలు దించి, అవి నిలిచేదాకా చేయి అలాగే ఉంచాను.

గంగాధరప్ప నాకు ఆట నేర్పలేదు, ఆ విద్య అతనికీ అంతంతమాత్రమే. తన కంటికి కనబడని తన లోపాన్ని చూసి నిజం చెప్పే మనిషి ప్రతివాడికీ ఒకడుండాలని మాత్రం నేర్పాడు. కమలమ్మ ఆ సాయంత్రాలన్నీ తెలిసే కాఫీ తెచ్చింది, తెలిసే ఆ కుర్చీలో కూర్చుంది. ఆమెకు నమస్కరిస్తున్నాను. నా మిత్రుడికి ఇంతకన్నా అర్పించగలిగినది నా దగ్గర లేదు.

కర్మలన్నీ పూర్తయ్యాయి. జరీ దుకాణం మళ్ళీ తెరిచారు. నేను డైరీ యథాప్రకారం రాస్తున్నాను, వేళకు తింటున్నాను. బాగానే ఉన్నావని ఇంట్లో అందరూ అంటున్నారు. నిజమో కాదో నాకు తెలియదు. అది చూసి చెప్పేవాడు అవతలి కొసన లేడు.