పుండు లేని నోళ్లు

మా దవాఖాన పెద్ద డాక్టరు సాబ్ మొన్న మంగళవారం నిద్రలోనే పోయారు. కంఠేశ్వర్‌లో చాయ్ తాగుతుంటే కబురు తెలిసింది. చాయ్ అట్లాగే వదిలేసి లేచాను. ఆయన జీపు నడిపినవాణ్ణి నేను. నాలుగో తరగతి దాటని చదువు, తప్పులుంటే సర్దుకోండి. సర్దుకోకపోయినా నాకేం పోదు.

రాచపుండును, అదే క్యాన్సర్‌ను, కోసి తీయడంలో ఆయన చెయ్యి పెట్టింది పేరు. నాందేడు నుంచి కూడా రోగులు వచ్చేవారు. కానీ తన దగ్గర పని నేర్చుకునే చిన్న డాక్టర్లకు కత్తి పట్టడం ఒక్కటే నేర్పితే ఆయనకు తృప్తి ఉండేది కాదు. చెరుకు కాలం వచ్చిందంటే వాళ్లను జీపులో కుక్కి, తానూ ఎక్కి, నన్ను బోధన్ తోలమనేవారు. చక్కెర ఫ్యాక్టరీ ముందు తూకం కోసం బండ్లు బారులు తీరి ఉంటాయి కదా, ఆ బండ్లవాళ్ల నోళ్లు చూడాలి. పుండు ఉన్నవాళ్లవే కాదు, లేనివాళ్లవి కూడా.

"మంచిగున్నోళ్లను సూసుడెందుకు సార్? దవాఖానల రోగులు కూసున్నరు" అని ఒక చిన్న డాక్టరు గొణిగాడు.

"రానోనికి ఎందుకు రాలేదో తెల్వకుంటే, వచ్చినోనికి ఎందుకొచ్చిందో ఏం జెప్తవ్? కోసుడు కసాయికి గూడ వస్తది" అన్నారాయన.

నేను ఊరుకుంటానా? బండెక్కి, "నోరు తెరిసినోళ్లకు డాక్టర్ సాబ్ శక్కర పోస్తడు!" అని అరిచాను. ఎండలో విసిగి ఉన్న జనం ఎగబడ్డారు. ఒక అవ్వ చిన్న డాక్టరు వేలు కొరికి, "శక్కరేదిరా?" అంది. డాక్టరు సాబ్ నన్ను తిట్టిపోసి, మళ్లీ వారం కూడా అట్లాగే పిలవమన్నారు.

విరిగిన పన్ను ఒరుసుకునే బుగ్గలో పుండు పుడుతుందని అప్పట్లో ఆయన నమ్మకం. మొనదేలిన పన్ను కనబడితే పీకేసేవారు. నాదీ పీకారు.

ఆ గొణిగిన చిన్న డాక్టరే నోళ్లు చూసీ చూసీ వేరే సంగతి పట్టుకున్నాడు. విరిగిన పళ్లు పుండు లేనివాళ్లకూ అన్నే ఉన్నాయి. పుండు మాత్రం తంబాకు, అంటే పొగాకు, దాచుకునే బుగ్గలోనే పడుతోంది. చెప్పాలంటే అతనికి దడ. పెద్దాయన సిఫారసు చేస్తేనే బొంబాయిలో క్యాన్సర్ చదువు. కోపమొస్తే అంతే సంగతులు.

"చెప్పాల్నా, వద్దా అన్నా?" అని నన్నడిగాడు.

"చెప్పు. కొట్టనీకొస్తే జీపు తయారుగ పెడ్త."

బండ్ల మధ్యనే, తల వంచుకుని చెప్పాడు. డాక్టరు సాబ్ చేతిలోని పన్ను పీకే పట్కారు కిందికి దించారు.

"అయితే నేను పీకిన పండ్లన్ని?"

"ఉత్తగనే పీకిండ్రు సార్."

ఆయన నావైపు తిరిగారు. "అరే, నీ పన్ను మళ్ల పెట్టుడు నాతోని గాదు."

"పర్వలేదు సాబ్, గా సందులకెళ్లి ఉమ్మితె దూరం పోతది."

ఆయన నవ్వలేదు. చిన్న డాక్టరు భుజం మీద చెయ్యి వేసి, "ఇయ్యాల డాక్టర్‌వైనవ్. నా తప్పు పట్టినోడని బొంబాయికి నేనే రాస్త" అన్నారు. రాశారు కూడా. అతనిప్పుడు అక్కడ డాక్టర్లకు చెప్పే డాక్టరు. నా ఛాతీ ఉబ్బుతుంది. నీకేం సంబంధం అనకండి, జీపు తోలింది నేను.

కానీ నా కళ్ల ముందు నిలిచేది ఆ రోజు ఆ మాట అన్న వెంటనే జరిగింది. డాక్టరు సాబ్ కోటు విప్పి చెరుకు బండి నొగ మీద కూర్చున్నారు.

"నేను గూడ పాన్ల జర్దా ఏస్త గద, అదీ తంబాకే. సూడు" అని ఎండవైపు మొహం తిప్పి నోరు తెరిచారు.

చిన్న డాక్టరు చెంచా కాడతో బుగ్గ ఎత్తి చూస్తున్నాడు. బండ్లవాళ్లు ఎడ్లను వదిలేసి చుట్టూ మూగారు. ఆయన కళ్లు మూసుకుని, వాళ్లలో ఒకడిలా, కదలకుండా కూర్చున్నారు.