పౌలు చెప్పిన మూడో తుఫాను

ఆదోనిలో ఏ మిల్లులో పత్తి తడిసినా ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వచ్చేది పౌలే. ఇరవై ఏళ్లుగా అదే పని. ముందైతే వాన వెలిసినాక పోయి నష్టం రాసుకునేవాడు. ఇప్పుడు తడవకముందే పోవాలి. హైదరాబాదులోని కంపెనీ వాళ్లు అతని ఫోన్లో తుఫాను దారి చూపించే బొమ్మ ఒకటి పెట్టారు. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే చాలు, ఆ బొమ్మలో ఎర్రమచ్చ కదులుతుంది. మచ్చ ఆదోని మీదికి వస్తే పౌలు మిల్లులకు పోయి, పత్తికి టార్పాలిన్ పట్టలు కప్పించి, ఫోటో పంపాలి. ఫోటో లేకుంటే తర్వాత ఎంత తడిసినా కంపెనీ వినదు.

ఈ పంట కాలంలో రెండుసార్లు మచ్చ వచ్చింది. రెండుసార్లూ వాన నంద్యాల దాటలేదు. పట్టల కింద పత్తి వేడెక్కి రంగు తిరిగిందని మిల్లుల వాళ్లు తిట్టారు. మూడోసారి ఆదివారం పొద్దున వచ్చింది. పైగా అమావాస్య.

ఎండ చిటచిటలాడుతోంది. నాలుగు మిల్లుల్లో పౌలును గేటు దగ్గరే సాగనంపారు. కన్యకమ్మ మాత్రం కుర్చీ చూపించింది. భర్త పోయినాక ఒక్కతే నడుపుకొస్తున్న మిల్లు అది. ఆవరణలో ఇల్లంత పత్తి కుప్ప. అది పాడైతే మిల్లుకు తాళమే.

"మళ్లా తెచ్చినావా తుఫాను?"

"తెచ్చినానమ్మా. నాలుగ్గంటలకు వాన పడ్తాదని సూపిస్తాంది."

"ఫోను మాట ఇడ్సు. నువ్వేమంటావు?"

పౌలు ఆకాశం వంక చూడలేదు. చూస్తే నోరు పెగలదు. "నాకూ నమ్మకం లేదమ్మా. అట్లని ఊరికే ఉండాలన్నా భయమైతాంది."

"అమావాస్య నాడు హమాలీలు యాడ దొరుకుతారప్పా? గోనెసంచి గూడా ముట్టరు."

"మా వాళ్లకు అమావాస్య పట్టింపు లేదు."

"అయితే పిల్సుకరా."

"వాళ్లు ఇప్పుడు చర్చిలో ఉంటారమ్మా."

కన్యకమ్మకు నవ్వొచ్చింది. "బాగుంది. మా దేవుడు పని వద్దంటాడు, మీ దేవుడు పిల్సి కూకోబెట్టుకున్యాడు. ఇంగ పత్తికెవురు దిక్కు?"

పౌలు చర్చికి పోయాడు. ప్రసంగం మధ్యలో నిలబడ్డ అతన్ని పాస్టరు అబ్రహాం కళ్లద్దాల మీదుగా చూశాడు.

"ఏం పౌలన్నా, పోయిన నెల గూడా ప్రళయమే అంటివి."

అందరూ నవ్వారు. పౌలూ నవ్వాడు, ఏం చేస్తాడు. "ఈసారి గూడా రాకపోవచ్చు. వస్తే మాత్రం కన్యకమ్మ మిల్లు పోతాది. పదిమంది సాలు."

అబ్రహాం కాసేపు తల గోక్కున్నాడు. "సరే, కడపటి ప్రార్థన ముందే సేస్తా. పోయిరాండి."

పద్నాలుగు మంది లేచారు, ఉతికిన తెల్లబట్టలతోనే. రెండు గంటలకల్లా కుప్ప మొత్తం కప్పి, తాళ్లు బిగించి, రాళ్లు పెట్టారు. పౌలు ఫోటో పంపాడు. కూలి తీసుకుని వాళ్లంతా వెళ్లిపోయారు; పౌలు మాత్రం మిల్లు దగ్గరే ఆగాడు.

నాలుగ్గంటలకు గాలి లేచింది, దుమ్ము లేచింది. నాలుగు చినుకులు పట్టల మీద టపటపలాడాయి. అంతే. ఐదుకు ఎండ మళ్లీ వచ్చింది. ఫోన్లో మచ్చ కడప వైపు జారిపోయింది.

గేటు పక్క అరుగు మీద కూలబడ్డ పౌలుకు ఇంటికి పోదామనిపించింది. కానీ ఇప్పుడు మొహం చాటేస్తే ఈ గడప మళ్లీ తొక్కలేడు. ఈ ఊళ్లో తన మాట వినే గడప ఇదొక్కటే. కాళ్లీడ్చుకుంటూ లోపలికి నడిచాడు.

కన్యకమ్మ పట్ట ఎత్తి, మోచేతి దాకా పత్తిలోకి చెయ్యి పెట్టి చూస్తోంది.

"ఎచ్చగైతాంది. తీసేయాల."

"తిట్టమ్మా. మూడోసారి గదా."

"అబద్ధం సెప్పింటే తిడ్తును. నమ్మకం లేదని సెప్పే కప్పిస్తివి. ఇంగ తిట్టేదానికేముంది?"

"మళ్లా మచ్చ వస్తే లోపలికి రానిస్తావామ్మా?"

"నువ్వు రాకుంటే తిడ్తా. ఇప్పుడైతే ఆ కొన పట్టప్పా, పొద్దు గుంకుతాంది."

పౌలు తాడు విప్పి కొన పట్టుకున్నాడు. రెండో కొన ఆమె పట్టుకుంది. పట్ట బరువుగా ఉంది.