షూ అడుగున మిరప గింజ

పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు ఈవెంట్స్‌కి ఇంక వారం కూడా లేదు. నేను రోజూ పరిగెత్తే షూ అరిగిపోతే, నంద్యాలలో దాని కొత్త వెర్షన్ కొన్నాను. బయట వేసుకుంటే మార్చేది లేదని షాపాయన ముందే చెప్పాడు. అందుకని ఆళ్లగడ్డలో మా మిద్దె మీదే, ఎడమ కాలికి పాతది, కుడి కాలికి కొత్తది వేసుకుని ఇరవై చుట్లు పరిగెత్తి చూశాను. కొత్తది మెత్తగానే ఉంది కానీ చిటికెన వేలిని నొక్కేస్తోంది.

ఈ రోజు పొద్దున మార్చుకుందామని వెళ్లాను. నా సైజులో పాత వెర్షన్ ఒక్క జతే మిగిలింది. షాపాయన నా కుడి షూ తిరగేసి, ఫోన్ లైటు వేసి, అడుగున గీత గీతా వెతికాడు. ఒక గీతలోంచి మిరప గింజను గోటితో పీకి బల్ల మీద పెట్టాడు.

"ఏందిమ్మా ఇది? బయట ఏసుకోలేదంటాండావే?"

"మిద్దె మీదే అన్నా. ఆడ మిరపకాయలు ఆరబోసినాం. రోడ్డు మీద అడుగు పెట్టింటే ఒట్టు."

ఆయన గింజనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. చివరికి పాత వెర్షన్ పెట్టె నా చేతిలో పెట్టాడు. ఎంత మంచోడో అనుకుంటూ బస్సెక్కాను.

ఇంటికొచ్చి ఆ షూ తిరగేస్తే, అడుగు గీతలో ఒక జొన్న గింజ ఇరుక్కుని ఉంది.

ఈ మధ్య మిద్దె మీద జొన్నలు ఆరబోసినవాళ్లు ఎవరండీ? నేను ఏరికోరి తెచ్చుకున్న పాత వెర్షన్‌ని మీరెందుకు వాపసిచ్చారో, ఈవెంట్స్ లోపు కాస్త చెబుదురూ!